ప్రెసిడెంటుగారి కారు చూపు

"ఎదుటివాడి కళ్ళలో లైటు కొట్టేవాడు, కళ్ళలో కారం కొట్టేవాడికి సొంత అన్నగారు!"

అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటుగారు సర్వసభ్య సమావేశంలో మైకు పట్టుకుని ఈ మాట సెలవిచ్చారు. ఒక మూల దగ్గితే ఇంకో మూల వినిపించేంత చిన్న హాలది. మైకు అక్కర్లేదు. కానీ మైకు లేకపోతే అది మామూలు మనిషి మాట అయిపోతుంది. మామూలు మనిషంటే ప్రెసిడెంటుగారికి గిట్టదు.

"లైటంటే ఏమిటి? చూపు! పైకి చూస్తే పొగరు చూపు! మరీ కిందకి చూస్తే దొంగ చూపు! పెద్దమనిషి కారు తిన్నగా చూడాలి! అవునా, కాదా?"

"అవును బావా!" అని వెనక వరసలోంచి ఆయన బావమరిది ఒక్కడే అరిచాడు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తీర్మానం ఇదీ. వచ్చే ఆదివారం సాయంత్రం సెల్లారులో కార్లన్నిటికీ హెడ్‌లైట్ల తనిఖీ. చివరి గోడ మీద పైన ఎర్ర టేపు, కింద నీలం టేపు అడ్డంగా అంటిస్తారు. నేల మీద గీసిన గీత దగ్గర కారు ఆపి లైటు వేస్తే, వెలుతురు పై అంచు ఆ రెండు టేపుల మధ్యన పడాలి. ఎర్ర టేపు దాటితే పొగరు. నీలం టేపు కిందకి జారితే దొంగ. ఎటు తప్పినా ఆ కారు సెల్లారులో చోటు వదులుకుని, బయట ఆకాశం కింద నిలబడాలి. ఖాళీ అయిన చోటు, బయట ఎదురుచూస్తున్న కారుకి పోతుంది.

తనిఖీకి వచ్చే కారు ఎలా ఉండాలో బావమరిది ఏదో వీడియో చూసి, "కారులో డ్రైవరు తప్ప సామాను ఉండకూడదు" అని రాసిచ్చాడు. ప్రెసిడెంటుగారు దాన్ని "వాహనము చోదకుడు మినహా సకల భార విముక్తమై యుండవలెను" అని సంస్కరించి, పైకి చదువుకుని, తన భాషకి తానే మురిసిపోయారు.

బయట ఎదురుచూస్తున్న కారు ఒక్కటే. కింది అంతస్తులో బ్యూటీపార్లరు నడుపుతున్న మేడమ్‌ది. ఒకప్పుడు అది నీలం రంగు కారు. ఇప్పుడు ఎండ కొంతా, పైనున్న చెట్టు మీది పిట్టలు కొంతా పంచుకుని దానికి రంగు లేకుండా చేశాయి. "ఆవరణ శోభకు భంగము" అంటూ ప్రెసిడెంటుగారు ఆవిడకి నోటీసు ఇచ్చారు. పిట్టలకి ఇవ్వడానికి ఆయనకి అధికారం లేదు మరి!

ఆవిడ మీద ఆయనకి ఒక అనుమానం కూడా ఉన్నట్టు అందరికీ చెప్పేవారు. ఆ మధ్య సంఘం వ్యాయామశాలలోంచి ఇనుప డంబెల్సు మాయమయ్యాయి. ఒకటీ అరా కాదు, మొత్తం సెట్టు. ప్రెసిడెంటుగారు హుటాహుటిన తన అధ్యక్షతనే విచారణ సంఘం వేసి, వ్యాయామశాల తలుపుకి కెమెరా బిగించారు. విచారణ సంఘం పలుమార్లు కూర్చుని, బిస్కెట్లు తిని, "పార్లరు గోడ, వ్యాయామశాల గోడ ఒకటే కావడం ఆలోచించదగ్గ విషయం" అని తేల్చింది. గోడలోంచి ఇనుము ఎలా నడిచి వెళ్ళిందో ఎవరూ అడగలేదు. అప్పట్నించీ లిఫ్టులో ఆవిడ ఎక్కితే జనం ఆవిడ చేతిసంచీ వైపు చూసేవారు. ఆవిడ నవ్వుతూనే తిరిగేది గానీ, ఆ చూపులకి లోపల కుమిలిపోయేది.

ఇక ప్రెసిడెంటుగారి చోటు. సెల్లారులో లిఫ్టు పక్కన, ముందు గోడ, వెనక స్తంభం, మధ్యలో కారు. వాన పడదు, ఎండ సోకదు, కారు దిగి చెయ్యి చాపితే లిఫ్టు బటను. కొందరికి ఇల్లంటే ప్రాణం, కొందరికి పిల్లలంటే ప్రాణం. ఆయనకి ఆ చోటంటే ప్రాణం. ప్రెసిడెంటుగిరీకి నిలబడ్డదే దానికోసం.

సమావేశం జరిగిన సాయంత్రం ఆయన భార్యని ఎక్కించుకుని బజారుకి వెళ్ళి వస్తున్నారు. విజయగర్వంతో స్టీరింగు మీద తాళం వేస్తున్నారు.

"ఏమండీ, మన లైట్లు రోడ్డు మీద పడటం లేదు," అంది భార్య.

"మరెక్కడ పడుతున్నాయి?"

"చెట్ల మీద. పాపం పిట్టలు తెల్లారిందనుకుని లేస్తున్నాయి."

"మన కారుకి దూరదృష్టి ఎక్కువే. అటు చూడు, ఎదురొచ్చేవాళ్ళంతా లైట్లు ఆర్పి వెలిగించి నాకు ఎలా నమస్కారాలు పెడుతున్నారో!" అని ఆయన చెయ్యెత్తి ఒక లారీకి ప్రతినమస్కారం చేశారు.

"నమస్కారం కాదండీ, తిట్టు. ఆ లారీ అతను తల బయటపెట్టి మరీ పెట్టాడు నమస్కారం. అందులో మీ అమ్మగారి ప్రస్తావన కూడా వచ్చింది."

ప్రెసిడెంటుగారు కారు పక్కకి ఆపి, దిగి, ముందుకొచ్చి చూశారు. నిజమే! లైట్లు రోడ్డుని వదిలేసి కొమ్మల్లో కాయలు వెతుకుతున్నాయి. కారుకి కళ్ళు నెత్తికెక్కాయి! ఆయనకి తనిఖీ గుర్తొచ్చింది. ఆదివారం ఎర్ర టేపు! పొగరు చూపు! తన చోటు!

"మెకానిక్కుకి చూపించండి," అంది భార్య.

"మన గేటు ఎదురుగా ఉన్న మెకానిక్కుకా? వాడి నోట్లో మాట దాగుతుందా? 'ప్రెసిడెంటుగారి కారే వంకర' అని సాయంత్రానికల్లా ప్రతి అంతస్తుకీ చేరేస్తాడు. ఇంట్లోనే సరిచేసుకుంటాను. నీ తమ్ముణ్ణి పిలు."

"పోయినసారి వాడు గీజరు సరిచేశాక ట్యూబులైటులోంచి నీళ్ళొచ్చాయి, గుర్తుందా?" అంది భార్య. అయినా పిలిచింది.

శుక్రవారం మధ్యాహ్నం. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళాడు. బావమరిది ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఒక చేత్తో ఫోను, మెడలో టేపు చుట్ట వేసుకుని ఆపరేషనుకి వచ్చిన డాక్టరులా సెల్లారులోకి దిగాడు. ప్రెసిడెంటుగారు దీపాలు ఆర్పించారు. సెల్లారులో పట్టపగలే చీకటి పడింది.

"బావా, గోడకీ కారుకీ మధ్య ఇరవై ఐదడుగులు ఉండాలని వీడియోలో అంటున్నారు."

"ఎంతుంది?"

"నా చెయ్యి పడుతోంది."

"కారు వెనక్కి తియ్యి."

బావమరిది తీశాడు. స్తంభం అడ్డొచ్చింది. ఐదడుగులు తేలాయి.

"స్తంభం తీసేస్తే?" అన్నారు ప్రెసిడెంటుగారు, సంఘం నిధుల గురించి ఆలోచిస్తూ.

"పైనున్న వాళ్ళంతా కిందకి వస్తారు బావా. పోనీ ఆ చివరి గోడ దగ్గరికి పోదామా? అక్కడ బోలెడు ఖాళీ."

"ఆ గోడ దగ్గర నన్ను చూసినవాడు ఏమనుకుంటాడ్రా? పరీక్ష పెట్టేవాడు పరీక్షకి చదువుకుంటున్నాడు అనుకోడూ? ఇక్కడే కానియ్!"

బావమరిది తల గోక్కుని లెక్క కట్టాడు. "ఇరవై ఐదడుగుల దూరంలో వెలుతురు రెండంగుళాలు దిగాలట. ఐదడుగులే అయితే అరంగుళం కూడా అక్కర్లేదు బావా."

"అరంగుళమా? ప్రెసిడెంటు కారుకి అరంగుళమా! పక్కవాళ్ళెవరైనా వింటే ఏం బావుంటుంది? రెండూ దించు!"

"కానీ లెక్క ప్రకారం..."

"లెక్కలు నాకు చెప్పకు. నేను సంఘం లెక్కలే చూసినవాణ్ణి!"

లైటు మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద టేపు వేశారు. దానికి రెండంగుళాల కింద ఇంకో టేపు వేశారు. డ్రైవరు సీట్లో ఒక మనిషి బరువు ఉండాలంటే బావమరిది ఎక్కి కూర్చున్నాడు. బానెట్టు ఎత్తి, లైటు వెనకున్న మరని ప్రెసిడెంటుగారే తిప్పారు. మొదట తప్పు మర తిప్పారు. కుడి లైటు లిఫ్టు వైపు చూసింది. వెనక్కి తిప్పారు. ఈసారి ఎడమ లైటు మీటర్ల పెట్టె వైపు చూసింది.

"బావా, సీటు ముందుకి లాగుతానుండు," అంటూ బావమరిది కిందకి చెయ్యి పెట్టి చేతికందిన మీట లాగాడు.

వెనక 'టక్' మంది. డిక్కీ మూత తెరుచుకుంది.

ప్రెసిడెంటుగారు స్క్రూడ్రైవరు వదిలేసి, ఇల్లంటుకున్నవాడిలా పరుగెత్తి, మూత మూసి దాని మీద కూర్చున్నారు.

"ఒరేయ్! డిక్కీ జోలికి వెళ్ళకు!"

"ఏముంది బావా అందులో?"

"సంఘానికి సంబంధించిన కీలకమైన వ్యవహారం ఉంది."

డిక్కీలో ఏముందో కథకుడికీ తెలుసు. కానీ అంత పెద్దమనిషి దాని మీద కూర్చుని ఉండగా లేవండి అనడం మర్యాద కాదు.

"మరి సామాను ఉండకూడదు కదా బావా? మనమే రాశాం. విముక్తమై..."

"అది ఆదివారానికి! ఇవాళ శుక్రవారం! అయినా తనిఖీ చేసేవాడి డిక్కీని ఎవడు తనిఖీ చేస్తాడ్రా?"

బావమరిదికి ఈ మాటలో ఏ లోపమూ కనిపించలేదు. బావ మాటలో అతనికి ఇంతవరకు ఏ లోపమూ కనిపించలేదు. మర తిప్పడం అయ్యాక, "ఇప్పుడు కారుని నాలుగుసార్లు కిందకి నొక్కి వదలాలి బావా. స్ప్రింగులు సర్దుకుంటాయట," అని దిగి, వెనక భాగాన్ని ఒక్క ఊపు ఊపాడు.

ఠంగ్! ఠణంగ్!

"ఏంటండీ ఆ మోత?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పార్లరు మేడమ్! పార్లరులో కరెంటు పోతే మీటర్ల పెట్టె దగ్గరికి వచ్చింది. చీకట్లో, చేతిలో టార్చి పట్టుకుని, గోడ మీది టేపులనీ, ప్రెసిడెంటుగారి నల్లబడ్డ చేతులనీ మార్చి మార్చి చూసింది.

"ఆదివారానికి నమూనా ప్రదర్శనమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు. "ప్రజలకి అవగాహన కల్పించాలి కదా."

"ప్రజలెవరూ లేరే?"

"ముందు మేం కల్పించుకుంటున్నాం."

"సరే. డిక్కీలో మోగిందేంటి?"

"స్పేర్ టైరు."

"టైరు ఠంగుమంటుందా అండీ?"

"నాణ్యమైన టైరమ్మా!"

ఆవిడ టార్చి మీటర్ల పెట్టె వైపు తిప్పింది. ఫ్యూజు వేసుకుని వెళ్ళిపోయింది. కానీ వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

ఆ సాయంత్రం ప్రెసిడెంటుగారు పరీక్ష కోసం కారు తీశారు. లైట్లు ఇప్పుడు ఎవరి కళ్ళలోనూ పడటం లేదు. రోడ్డు మీద కూడా పడటం లేదు. సొంత బంపరు కిందున్న చీమల్ని మాత్రం స్పష్టంగా చూపిస్తున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు విరిగిందో ఆయనకి తెలియలేదు. వాచ్‌మన్ అందులోంచి అప్పుడే లేవడం సంఘం చేసుకున్న అదృష్టం.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ సెల్లారులోకి దిగారు. అరంగుళం తన హోదాకి తక్కువే అయినా, ప్రజల కోసం ఒప్పుకున్నారు. లైట్లు బుద్ధిగా, తిన్నగా, పెద్దమనిషి తరహాలో గోడని చూశాయి.

"ఇదీ చూపంటే!" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

ఆదివారం సాయంత్రం సెల్లారంతా జనం. కుర్చీలు వేశారు, టీ తెప్పించారు. మైకు సరేసరి. ప్రెసిడెంటుగారు చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు.

కార్లు ఒక్కొక్కటే గీత దగ్గరికి వచ్చాయి. లైటు వేయకముందే ప్రెసిడెంటుగారు ప్రతి కారు వెనక్కీ నడిచి, "డిక్కీ!" అనేవారు. మూత తెరవగానే టార్చి వేసి, తల లోపలికంటా పెట్టి చూసేవారు. పంటి డాక్టరుగారి డిక్కీలో, ఎవరికీ తెలియకుండా కొనుక్కున్న చాక్లెట్ల డబ్బా దొరికింది. డైటింగు చేస్తున్న బ్యాంకావిడ డిక్కీలో ఒక కేకు దొరికింది. ఇంకొకాయన డిక్కీలో పక్కింటాయన గొడుగు దొరికింది. దొరికినవన్నీ మైకులో ప్రకటించి, బయట పెట్టించి, ఆ తరవాతే లైటు వేయించారు. వారం రోజులుగా అందరూ ఎదుటి మెకానిక్కు దగ్గరే మకాం వేశారు కాబట్టి అందరి లైట్లూ టేపుల మధ్యనే పడ్డాయి. పార్లరు మేడమ్ కారు కూడా నెగ్గింది. నెగ్గి ఏం లాభం! ఎవరో ఒకరు ఓడితే గాని ఆవిడకి చోటు లేదు. ఆవిడ కారు మళ్ళీ చెట్టు కిందకి పోయింది.

చివరికి ప్రెసిడెంటుగారి కారు వచ్చింది. నడుపుతున్నది బావమరిది. గీత దగ్గర ఆపి, లైటు వేశాడు. వెలుతురు అంచు సరిగ్గా ఎర్ర టేపుకీ నీలం టేపుకీ నట్టనడుమ పడింది. చప్పట్లు మోగాయి.

"చూశారా!" అన్నారు ప్రెసిడెంటుగారు మైకులో. "పొగరు లేదు! దొంగతనం లేదు! ఈ చూపు ఎవరి చూపు? మీ ప్రెసిడెంటు చూపు!"

"ప్రెసిడెంటుగారూ," అని పార్లరు మేడమ్ లేచింది. "డిక్కీ చూడలేదండీ."

"ఎవరి డిక్కీ?"

"మీదేనండీ. 'వాహనము చోదకుడు మినహా సకల భార విముక్తమై యుండవలెను.' ఎంత బాగా రాశారో! నాకు కంఠతా వచ్చేసింది."

పొగడ్త కావడం వల్ల ప్రెసిడెంటుగారు ఒక్క క్షణం నవ్వారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "నా డిక్కీ... తాళం పట్టేసిందమ్మా. మెకానిక్కు రావాలి. వచ్చేవారం చూద్దాం."

"పట్టెయ్యలేదు బావా!" అని కారులోంచి బావమరిది ఉత్సాహంగా అరిచాడు. "నేను తీస్తాగా! మీట ఎక్కడుందో మొన్న తెలిసిందిగా!"

టక్.

పిలవకుండానే బావమరిది దిగి, వెనక్కి వెళ్ళి, డిక్కీలో దుప్పటి తొలగించి చూసి, గంతు వేసినంత పని చేశాడు.

"బావా! దొరికాయి! మన డంబెల్సు దొరికాయి!"

సెల్లారులో తలలన్నీ ప్రెసిడెంటుగారి వైపు తిరిగాయి. ఎవరి చేతిలోనో టీ కప్పు వంగి టీ కారిపోతోంది. బావమరిదికి ఆ చూపులు అర్థం కాలేదు. సంఘం ఇన్నాళ్ళు వెతికిన సొత్తు తన చేతికి దొరికిందన్న సంతోషంలో, అందరికీ కనిపించాలని ఒక్కొక్క డంబెల్‌నీ మోసుకొచ్చి కారు ముందు, లైటు వెలుతురులో పేర్చడం మొదలుపెట్టాడు. "సంఘం పేరు కూడా చెక్కి ఉంది, చూడండి!"

జరిగింది చాలా చిన్న విషయం. భార్య తన పొట్ట మీద ఏదో అన్న కోపంలో ప్రెసిడెంటుగారు వారం రోజులకని వాటిని పట్టుకొచ్చారు. మొదటి రోజే ఒకటి ఎత్తారు. నడుం పట్టేసింది. "ఆ ఇనుము నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు" అని భార్య గుమ్మం బయట పెట్టించింది. ఈలోగా డంబెల్సు పోయాయని సభ్యులు గోల పెడితే, తన మీదకి రాకుండా ఆయనే విచారణ వేశారు. తిరిగి వ్యాయామశాలలో పెట్టేద్దామనుకునేసరికి, అక్కడ కెమెరా. పెట్టించిందెవరు? ఆయనే! అంచేత అవి డిక్కీలోకి చేరాయి. ఆఫీసుకీ, బజారుకీ ఆయనతోపాటే తిరిగాయి. వాటి బరువుకి కారు వెనక కుంగింది, ముందు లేచింది. విచారణ సంఘం వెతుకుతున్న సొత్తు విచారణ సంఘం అధ్యక్షుడి కారులోనే రోజూ ఊరేగింది!

డిక్కీలోంచి ఒక్కొక్క బరువూ దిగుతుంటే కారు వెనక భాగం పైకి లేస్తోంది. ముక్కు కిందకి వాలుతోంది. గోడ మీద వెలుతురు మెల్లగా జారింది. నీలం టేపు దాటింది. గోడ దిగింది. నేల మీదకి వచ్చింది. పాకుతూ పాకుతూ వచ్చి, డంబెల్సు గుట్ట మీద తీరిగ్గా ఆగింది. ఇనుము తళతళలాడింది.

"దొంగ చూపు," అన్నారు వెనకనుంచి ఎవరో, మైకు లేకుండానే.

ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. "సభ్యులారా! విచారణ సంఘం తన పనిని జయప్రదంగా పూర్తి చేసిందని తెలియజేయడానికి..."

"ఏమండీ, చాలు," అంది భార్య.

ఆవిడ 'చాలు' అంటే ప్రెసిడెంటుగారికి కూడా చాలే. ఆయన మైకు నేల మీద పెట్టి, దుప్పటి అందుకుని, గుట్ట ముందు గొంతుక్కూర్చుని కప్పబోయారు. "ఒరేయ్, ముందు ఆ లైటు ఆర్పరా!"

బావమరిది పరుగెత్తి కారులో దూరి, కంగారులో చేతికందిన మీట లాగాడు. అది బ్రైటు! వెలుతురు గుట్ట మీదనుంచి ఒక్కసారి ఎగిరి ప్రెసిడెంటుగారి మొహానికి కొట్టింది. ఆయన రెండు కళ్ళూ మూసుకున్నారు.

పార్లరు మేడమ్ ఆ గుట్ట వైపు చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ తన చేతిసంచీ వైపు చూసిన జనం ఇప్పుడు తన మొహం వైపు చూడలేక తలలు దించుకుంటున్నారు. ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నవ్వే గెలిచింది. పర్సులోంచి కారు తాళం తీసుకుంది.

"ప్రెసిడెంటుగారూ, లిఫ్టు పక్కన మీ సామానేమైనా ఉంటే తీయించండి. నా కారు లోపలికి తెచ్చుకుంటాను. మీ కారు చెట్టు కింద పెట్టుకోవచ్చు. పిట్టలు మీకు బాగా తెలిసినవేగా!"

ఆ మాట ఎటువైపునుంచి వచ్చిందో ఆయనకి కనిపించలేదు. కళ్ళలో కారం పడ్డట్టు నులుముకుంటూ, ఏదో ఒక ప్రకటన చేసి తీరాలని, అలవాటు ప్రకారం మైకు కోసం నేల మీద తడుముకున్నారు. చల్లగా చేతికి తగిలింది. నోటి దగ్గర పెట్టుకుని, "సభ్యులారా!" అన్నారు.

అది డంబెల్.